యాజులు మాస్టారి అక్కి

నర్సీపట్నం తాలూకా చరిత్ర రాయబూనినవారు మన్యం ఫితూరీ గురించి రాస్తారు, కొండదారుల్లో తిరిగిన పోలీసు పటాలాల గురించి రాస్తారు, ఎస్టేటు దావాల గురించి రాస్తారు. యాజులు మాస్టారి "ఛీ" గురించి మాత్రం ఒక్కరూ రాయరు. ఇది చరిత్రకు జరిగిన అన్యాయం కనుక ఆ లోటు ఇక్కడ పూరించక తప్పదు.

ఆ "ఛీ" ప్రతిరోజూ తెల్లవారుతూనే, మాస్టారింటి వీధితలుపు తెరుచుకున్న మరుక్షణం వెలువడేది. తలుపును ఆయన చేత్తో తీయరు. ఉత్తరీయం చెంగు వేళ్ళకు చుట్టుకుని గడియ లాగుతారు. గుమ్మంలో నిలబడి వీధిని ఎడమనుంచి కుడికి ఒకసారి పరిశీలిస్తారు. అరుగుమీద కుక్క పడుకున్న జాడో, ఎదుటి గోడమీద తాంబూలం మరకో, ఎవరో పారేసిన మామిడిటెంకో కంటబడుతుంది. అప్పుడు "ఛీ" అంటారు. ఏదీ కంటబడని రోజు, ఎవరో తెలివిగా దాచిపెట్టి ఉంటారన్న అనుమానంతో మరికాస్త గట్టిగా అంటారు. పాలమ్మేవాళ్ళు అది విని కావిడి భుజానికెత్తుకునేవారు. కచేరీ బంట్రోతులు అది విని తలపాగా చుట్టుకునేవారు. ఊరికి ఒక గడియారస్తంభం ఉండి ఉంటే మాస్టారి ప్రాముఖ్యం కొంత తగ్గేదేమో. లేదు కనుక తగ్గలేదు.

ఇంతటి "ఛీ" ఒక్కరోజులో తయారు కాలేదు. యాజులుగారిది యలమంచిలి దగ్గర పల్లె. కుర్రతనంలో ఒక పెళ్ళిపంక్తిలో వడ్డించేవాడి బొటనవేలు పులుసుగిన్నెలో మునగడం చూసి, ఔపోసన పట్టిన విస్తరి ముందునుంచి లేచి వచ్చేశారు. పెళ్ళి తమ సొంత అన్నగారిది. మెట్రిక్యులేషన్ ప్యాసై తాలూకా కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాగా నర్సీపట్నం చేరారు. నౌకరీ మంచిదే కానీ, అక్కడి గుమాస్తాలు కాగితం తిప్పినప్పుడల్లా వేలు నాలుకకు రాసుకునేవారు. తాసీల్దారు ముందుకు పోయే అర్జీ మొదలు చెత్తబుట్టలో పడే కవరు దాకా ఎన్నో నోళ్ళు చూసి వచ్చినవే. యాజులుగారు కొంతకాలం కాగితాలను పుల్లతో తిప్పారు.

హెడ్డుగుమాస్తా అది చూసి, "ఏమయ్యా, అవి కాగితాలా, మూకుట్లో అప్పడాలా?" అన్నాడు.

యాజులుగారు ఆ సాయంత్రమే రాజీనామా రాశారు. కవరును నాలుకతో తడపలేదు. అన్నం మెతుకుతో అతికించారు. ఆ మెతుకైనా ఎవరూ చెయ్యి పెట్టని గిన్నెలోదే.

ఎంగిలినుంచి పారిపోయి ఆయన చేరిన చోటు బోర్డు ఎలిమెంటరీ స్కూలు. అక్కడ మూడో తరగతి పిల్లలు పలకమీద తుపుక్కున ఉమ్మి మోచేత్తో తుడిచేవారు. లెక్క తప్పినా ఉమ్మే, కుదిరినా ఉమ్మే. మరొకరైతే ఉద్యోగానికి స్వస్తి చెప్పేవారు. యాజులుగారు యుద్ధానికి దిగారు. ప్రతివాడూ ఇంటినుంచి కోవాకు, అదే దొండాకు, తెచ్చుకోవాలి, ఆకు పసరుతోనే పలక తుడవాలి, ఉమ్మినవాడు బయట ఎండలో నిలబడాలి. మూడేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో కంచెలమీద దొండతీగకు ఆకు మిగల్లేదు, బళ్ళో ఎంగిలి పలక కనబడలేదు. ఆయన జీవితంలో గెలిచిన యుద్ధం అదొక్కటే. భార్య శారదాంబతో చేసినవి వేరే లెక్క.

ఫితూరీ సద్దుమణిగిన మరుసటి ఏడు, వేసవి మొదట్లో, గొలుగొండ వైపు పల్లెల్లో అమ్మవారు పోసిందన్న కబురు వచ్చింది. దాని వెనకే టీకాలు వేసే సూరన్న బడికి వచ్చాడు. చేతిలో తగరపు పెట్టె, మొహాన అలసట. అతన్ని చూడగానే పిల్లలు కిటికీల ఎత్తు అంచనా వేయసాగారు. హెడ్మాస్టరు నారాయణమూర్తిగారు లోకజ్ఞానం గల మనిషి. యాజులుగారిని పక్కకు పిలిచారు.

"మాస్టారూ, ముందు మీరు కూర్చోండి. మిమ్మల్ని చూసి పిల్లలు కూర్చుంటారు."

"మీరే కూర్చోవచ్చు కదండీ."

"నాకు జ్వరం తగిలితే బడి మూసెయ్యాలి. మీకు తగిలితే మూడో తరగతొక్కటే."

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క యాజులుగారు బల్లమీద కూర్చున్నారు. సూరన్న స్పిరిట్‌దీపం వెలిగించి చిన్న కత్తిని దానిమీద కాల్చాడు. అంతవరకు యాజులుగారికి అతనిమీద గౌరవం కలిగింది. తరవాత అతను వెంట్రుకంత సన్నటి గాజుగొట్టం ఒకటి తీసి, రెండు కొసలూ విరిచి, ఒక కొసను పెదవులమధ్య పెట్టుకుని ఊదాడు. రెండో కొసనుంచి ఒక బొట్టు మాస్టారి దండచేతిమీద పడింది.

"అదేమిటోయ్?"

"లింఫండి."

"అంటే?"

సూరన్న అబద్ధం చెప్పడం చేతకానివాడు. "దూడ పొట్టమీద పొక్కులు లేపుతారండి. ఆ పొక్కుల్లోంచి తీస్తారండి."

"ఆవుదూడేనా?" మాస్టారి గొంతులో చివరి ఆశ మిణుకుమంది.

"మనకొచ్చేది గేదెదూడదండి."

"గేదెదూడ చీమన్నమాట."

"అలగనకండి. పిల్లలింటున్నారు."

యాజులుగారు "ఛీ" అన్నారు. పాఠం మొదలైందనుకుని మూడో తరగతి యావత్తూ ఒక్క గొంతుతో "ఛీ" అంది. సూరన్న ఈలోగా కత్తిమొనతో గీతలు గీసేశాడు.

"నీళ్ళు తగలనివ్వకండి. ఆరేదాకా చొక్కా చెయ్యి కిందికి దించకండి. ఈ ఊళ్ళు తిరిగొచ్చి సూత్తాను," అన్నాడు.

మాస్టారు చొక్కా చెయ్యి దించలేదు. చొక్కాతోనే ఇంటికి వచ్చి, చొక్కాతోనే నూతిపళ్ళెం దగ్గర కూర్చున్నారు. నానబెట్టిన చింతపండు అడిగారు. కచ్చికబూడిద అడిగారు. కుంకుడు పులుసు అడిగారు. చివరికి కొబ్బరిపీచు అడిగారు. ఒక నోటిగాలితో వచ్చిన గేదెదూడ చీమును ఒంటిమీద ఉంచుకోవడం ఆయన వంశంలోనే లేదు. తాతగారికి టీకా లేదు, తండ్రిగారికి లేదు. తండ్రిగారు మశూచితోనే పోయారన్న సంగతి ఆ సమయంలో గుర్తు రాలేదు.

శారదాంబ తోడి పోసి పోసి, చేద పక్కన పెట్టింది. "చేతికి టీకా వేశారా, కళాయి వేశారా? బిందెనైనా నేనింత తోమనండీ."

"నీకు తెలీదు. ఊదాడే వాడు. నోటితో."

"ఊదితే ఊదాడు. చర్మం మనదే కదా, కాస్త మిగల్చండి."

చేయి ఎర్రగా కందిపోయింది తప్ప మరేమీ కాలేదు. యాజులుగారు గేదెను జయించాననుకున్నారు.

పక్షం దాటిందో లేదో, కుడిపక్క నడుం దగ్గర నిప్పుసెగ తగిలినట్టు మంట పుట్టింది. పంచెముడి తగిలితే ప్రాణం పోయేది. మర్నాటికి వీపువైపునుంచి నీటిపొక్కులు గుంపులు గుంపులుగా లేచాయి. ఉడికిన సగ్గుబియ్యం ఎర్రటి గుడ్డమీద ఆరబోసినట్టుంది. ఆ వైపు జనం దాన్ని అక్కి అంటారు. యాజులుగారు అద్దంలో చూసుకుని "ఛీ" అనబోయి ఆగిపోయారు. ఇన్నేళ్ళూ ఆ మాట బయటికి పోయేది. ఈసారి అది పోవలసిన చోటు తన ఒళ్ళే. తన చేత్తో తన నడుము ముట్టుకోలేరు. ముట్టుకున్న చేత్తో అన్నం కలపలేరు. ఆనాటినుంచి సగ్గుబియ్యం పాయసం ఆయన జీవితంలోంచి వెళ్ళిపోయింది.

శారదాంబకు ఆ బెడద లేదు. పొక్కులమీద వెన్న రాసేది, చీమోడుతున్న పంచెలు తీసుకెళ్ళి ఉడకబెట్టేది, చేయి కడుక్కుని వంకాయలు తరుక్కునేది. మొహం చిట్లించడం ఆమెకు తెలియదో, ఇంట్లో ఒకరు చిట్లిస్తే చాలనుకుందో. ఆస్పత్రికి పొమ్మని చెప్పింది కూడా.

"ఆ బల్లమీద ఇంతకుముందు ఎవరెవరు పడుకున్నారో," అన్నారు మాస్టారు. ఆ ప్రసంగం అక్కడితో ముగిసింది.

పక్కింటి వర్ధనమ్మగారికి కబురు ఆలస్యంగా చేరింది. అంటే మధ్యాహ్నానికి. ఆవిడ పెద్దావిడ. ఎవరింట జబ్బు చేసినా ముందుగా వచ్చి, రోగి కంటె ఎక్కువసేపు మూలిగి వెళ్ళే మనిషి.

"ఏదిరా యాజులూ, ఇటు తిరుగు. అయ్యో నాయనా. పాకుతోంది."

"పాకడమేమిటి పిన్నిగారూ?"

"ఇది పాములాంటిదిరా. వెన్నుదగ్గర తోక, ముందుకు వచ్చేది తల. నడుంచుట్టూ తిరిగి తలా తోకా కలిశాయా, మరి మనిషి దక్కడు. మా మేనమామ అలాగే పోయాడు."

"మీ మేనమామగారు కొబ్బరిచెట్టుమీంచి పడి పోయారని చెప్పేవారు కదండీ అత్తయ్యగారూ," అంది శారదాంబ వంటింట్లోంచి.

"పడే ముందు అక్కి ఉందే అమ్మాయ్," అంది వర్ధనమ్మగారు.

ఆ క్షణంనుంచి యాజులుగారికి లోకంలో మిగిలిన ప్రశ్న ఒక్కటే: తల ఎక్కడిదాకా వచ్చింది? ప్రతి ఉదయం గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టుకున్న వేలితో పొక్కులచివర చూసుకుని, ఆ చోట మొలతాడుకు ముడి వేసుకునేవారు. ముడి ముందుకు జరిగేది. ఎడమపక్క అంతా అద్దంలా ఉందని శారదాంబ దీపం పెట్టి చూసి చెప్పినా, "పాము వచ్చేముందు పొలమంతా అద్దంలానే ఉంటుంది" అనేవారు. అక్కి వెన్నుపూస దగ్గర పుట్టి ఒకపక్కే నడిచి బొడ్డుదగ్గర ఆగిపోతుందని, అది దాని అలవాటని, ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలవాళ్ళు ఆ బల్ల ఉన్న ఆస్పత్రిలో ఉన్నారు.

మంట ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఆయనే కనిపెట్టారు. గేదెదూడ చీము చేతిలో ఎక్కడానికి ప్రయత్నించింది. చింతపండు, బూడిద కలిసి ఆ దారి మూసేశాయి. అది లోలోపలే దిగి నడుముదగ్గర బయటపడింది. ఇందులో తర్కానికి లోటు లేదు.

మొలతాడు ముడి బొడ్డుకు బెత్తెడు దూరంలోకి వచ్చిన రోజున వర్ధనమ్మగారు కుమ్మరివీధి కొండలమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఊళ్ళో అక్కి రాయడంలో కొండలమ్మది పెద్ద పేరు. కుండలకు పూసే జేగురు తెచ్చి, పొక్కులమీద పట్టించి, దానిమీద పుల్లతో సింహం బొమ్మ రాస్తుంది. సింహాన్ని చూసి పాము ఆగిపోతుందని నమ్మకం. ఆమె వచ్చినప్పుడు చుట్ట కాలుస్తోంది. ఆ ప్రాంతపు ఆడవాళ్ళ పద్ధతిలో అడ్డపొగ: నిప్పున్న కొస నోటిలోపల, చల్లటి కొస బయట. మాట్లాడవలసి వస్తే చుట్ట తీసి, బూడిద మింగి, మాట్లాడుతుంది.

"ఏటి పంతులుగోరూ, ఇంత ముదరబెట్టుకున్నారు? బేగి సెప్పొద్దా?"

"జేగురు మంచినీళ్ళతో కలుపుతావా, గంధంతోనా?" అని అడిగారు మాస్టారు.

"నీళ్ళతోటి కుండలకు కలుపుతాం బాబూ. అక్కికి ఉమ్మితోటి కలపాల. పాసినోటి ఉమ్మి. తెల్లారగట్ల నెగిసి, మొగం కడగకుండా, ఎవులితోటీ పలక్కుండా వత్తాను."

యాజులుగారు లెక్క వేసుకున్నారు. పాచినోరు. ఆ నోట్లో రాత్రంతా నానిన అడ్డపొగ. ఆ ఉమ్మి, తన ఒంటిమీద, పొక్కుపొక్కుకీ.

బేరం మొదలైంది. కూరగాయల బేరంలో కూడా నోరు విప్పని మనిషి ఆనాడు బేరమాడారు.

"మా ఆవిడ ఉమ్మి పనికిరాదా?"

"అమ్మగోరిది సుబ్బరంగుంటాది బాబూ. సుబ్బరమైన ఉమ్మికి సత్తువుండదు."

"పోనీ, నాదే. నా ఒంటికి నాదే."

"అక్కి మీలోంచే కదేటి వచ్చింది. దానికి మీ ఉమ్మి సుట్టమైపోద్ది. సుట్టానికి బయపడతాదేటి?"

"నువ్వే రా, కానీ పళ్ళు తోముకుని రా. వేపపుల్ల నేనిస్తాను."

కొండలమ్మ వర్ధనమ్మగారి వంక చూసింది. "ఈ బాబు జబ్బుకి మందు అడుగుతన్నారా, పెళ్ళికి పిల్లనడుగుతన్నారా, అమ్మగోరూ?"

యాజులుగారు ఆమెను పంపేశారు. ఎంగిలితో బతకడంకంటె శుభ్రంగా పోవడం మేలన్నారు. ఆ రాత్రి శారదాంబ ఆయనకు వడ్డించి, ఎదురుగా కూర్చుంది, తను తినలేదు.

"తినవేం?"

"మీరు శుభ్రంగా పోతే తరవాత నేనెలాగూ ఒంటిపూటేగా. అలవాటు చేసుకుంటున్నాను."

తెల్లవారేసరికి బొడ్డుపక్కన కొత్తగా నాలుగు పొక్కులు లేచాయి. మొలతాడుమీద ముడి సగం నడుం చుట్టి బొడ్డుదాకా వచ్చేసింది. యాజులుగారు "ఆ కొండలమ్మను రమ్మను," అన్నారు.

మర్నాడు మసకచీకట్లోనే ఆమె వచ్చింది. నోరు బిగించుకుని, దోసిట్లో జేగురు ముద్ద, చెవిలో చీపురుపుల్ల. లోపల వెలుతురు చాలదని చేత్తో సైగ చేసి ఆయన్ను వీధరుగుమీదికి నడిపించింది. తూర్పుకు మొహం పెట్టి పక్కకు ఒరిగించింది. పాలకావిళ్ళు ఆగిపోయాయి. బంట్రోతులు గుమ్మాల్లో నిలబడ్డారు. కోవాకు యుగంలో ఎండలో నిలబడి పెద్దవాళ్ళైన మూడో తరగతి పూర్వవిద్యార్థులు కొందరు, తీరిగ్గా చూద్దామని ఎదుటి అరుగెక్కారు.

కొండలమ్మ గొంతులోనుంచి ఒకసారి కూడగట్టుకుని జేగురుమీద ఉమ్మింది. చాలలేదు. మళ్ళీ ఉమ్మింది. అరచేత మెదిపింది. కమురు వాసన, పుగాకు వాసన, పేరు పెట్టడానికి వీల్లేని మరొక వాసన కలిసి మాస్టారి ముక్కుదాకా వచ్చాయి. ఉత్తరీయం అందుబాటులో లేదు. గోరువెచ్చని ఎర్రటి బురద నడుముమీద పడింది, జారింది, పొక్కుల సందుల్లోకి దిగింది. ఇంకాస్త తడి కావలసివస్తే కొండలమ్మ అరచేతికి కాకుండా సూటిగా నడుముకే ఉమ్మింది. యాజులుగారు కళ్ళు మూసుకున్నారు, పళ్ళు బిగించారు. శారదాంబ ఆయన తల కదలకుండా పట్టుకుంది.

పుల్లతో బొమ్మ పూర్తిచేశాకే కొండలమ్మ నోరు విప్పింది. "సింవ్వం."

అది కుక్కలా ఉంది. అరుగుమీద రోజూ పడుకునే కుక్కలాగే ఉంది.

ఆనాడు నర్సీపట్నంలో "ఛీ" వినబడలేదు. కచేరీలో సగంమంది ఆలస్యంగా వచ్చారు.

ఇంకొన్ని తెల్లవారుజాములు అలాగే గడిచాయి. పొక్కులు బొడ్డు దాటలేదు. మాడి, పెచ్చులు కట్టి, రాలిపోయాయి. మంట మాత్రం కొన్నాళ్ళు ఉండి అదీ తగ్గింది. శారదాంబ కొండలమ్మకు చీర పెట్టింది, మాస్టారు గుమ్మడికాయ ఇచ్చారు, దూరంనుంచే.

చావు తప్పిన మనిషికి చెప్పడానికి ఎంతో ఉంటుంది. సాయంత్రాలు అదే అరుగుమీద యాజులుగారు ఉపన్యాసం మొదలుపెట్టారు. గేదెదూడను ఎలా పడుకోబెడతారో, చీము ఎలా తీస్తారో, సూరన్న దాన్ని ఎలా ఊదాడో, అది చేతినుంచి నడుముకు ఏ దారిన ప్రయాణం చేసిందో, తన నడుమునే పటంగా చూపిస్తూ వివరించేవారు. వర్ధనమ్మగారు తగినచోట్ల మూలిగేది. ఊరు విన్నది. విని, సూరన్న మళ్ళీ వస్తే పిల్లల్ని ఎక్కడ దాచాలో ఆలోచించుకుంది. ఒక మనిషి ఒక్క నడుముతో ప్రభుత్వాన్ని అడ్డుకున్న సందర్భాలు ఎన్నో లేవు.

పల్లెలన్నీ తిరిగి సూరన్న నెల దాటాక వచ్చాడు. కుమ్మరివీధికి వెళ్తే తలుపులు మూశారు. కొండలమ్మే తన మనవల్ని బానల వెనక దాచింది. అతను తిన్నగా మాస్టారి అరుగుదగ్గరికి వచ్చాడు. ఉపన్యాసం మంచి పట్టులో ఉంది.

"మాస్టారూ, మీ కత ఇని ఎవులూ సెయ్యి సాపడం నేదండి. గొలుగొండ కాడ మొన్న ఇద్దరు పిల్లలు పోయారండి."

యాజులుగారు ఒక్క క్షణం తగ్గారు. మళ్ళీ లేచారు. "పిల్లలు పోవడం విచారించవలసిందే. కానీ ఇది చూడు," అని నడుముమీది మచ్చలు చూపించారు. "నువ్వు ఊదిన గేదె."

సూరన్న నడుము చూడలేదు. "సెయ్యేదండి?" అన్నాడు. చొక్కా చెయ్యి పైకి జరిపి, వెలుతురువైపు తిప్పి, వేలితో తడిమాడు. రెండో చెయ్యి కూడా అడిగి అదీ చూశాడు. మళ్ళీ మొదటి చెయ్యి పట్టుకున్నాడు.

"దీనికే కదండి ఏశాను?"

"దీనికే."

"పుండు లేసిందాండి? పెచ్చు కట్టిందా?"

"చేతిమీద ఎందుకు లేస్తుంది? చెప్పాను కదా, అది కిందికి దిగింది."

"కడిగారేటండి?"

మాస్టారు జవాబు చెప్పేలోగా లోపల్నుంచి శారదాంబ గొంతు వినిపించింది. "కడగడమా నాయనా. చింతపండూ, బూడిదా, కుంకుడూ, కొబ్బరిపీచూ. బిందెలా తోమారు."

అరుగుమీది జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వర్ధనమ్మగారు మూలగడం మానేసింది. సూరన్న తగరపు పెట్టె తెరిచి, స్పిరిట్‌దీపం వెలిగించి, కొత్త గొట్టం తీసి రెండు కొసలూ విరిచాడు.

మాస్టారి దండచేతిమీద మచ్చ లేదు. మొదటి టీకా ఎక్కనే లేదు.